తొమ్మిది ఎనిమిదైందని పిల్లలకు చెప్పండి

రెండు తెలుగు రాష్ట్రాల్లో పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు, వాటిని సరిచూసే నిపుణులకు, పరీక్ష పేపర్లు, జవాబుల కీలు తయారుచేసే టీచర్లకు నమస్కారం.

నేను చీరాల దగ్గర ఒక ఊళ్ళో ఉంటాను. 1983 నుంచి 2018 దాకా ముప్పై అయిదేళ్ళు ప్రభుత్వ బడుల్లో సైన్సు చెప్పాను. ఆరు, ఏడు తరగతులకు జనరల్ సైన్సు, పై తరగతులకు ఫిజికల్ సైన్సు. ఈ ఉత్తరం రాయడానికి కారణం నేను ఒకప్పుడు కొట్టేసిన అర మార్కు.

2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం వాళ్ళు సమావేశమై, ఓట్లు వేసి, ప్లూటోని గ్రహాల జాబితాలోంచి తీసేశారు. మరుగుజ్జు గ్రహం అని పేరు పెట్టారు. మర్నాడు అన్ని పేపర్లలోనూ వచ్చింది. సెప్టెంబరులో మాకు క్వార్టర్లీ పరీక్షలు. బిట్ పేపర్లో సౌర కుటుంబంలో గ్రహాలెన్ని అని అర మార్కు ప్రశ్న. ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి 8 అని రాసింది. పుస్తకంలో 9. కీలో 9. నేను ఎర్ర సిరాతో ఇంటూ పెట్టాను.

పేపర్లు పంచిన రోజు ఆ పిల్ల నోట్సులోంచి ఒక పేపర్ కటింగు తీసి నా బల్ల మీద పెట్టింది. నాలుగు మడతలు పెట్టి దాచుకుంది. "మాస్టారూ, ఇందులో ఎనిమిదే అని ఉందండీ" అంది. ఆ వార్త నేనూ చదివాను. ఆ పిల్ల రాసింది సరైన జవాబని నాకు తెలుసు. తెలిసే, "పుస్తకంలో ఏముంటే అదే రాయాలమ్మా, పబ్లిక్‌లో కూడా అలాగే దిద్దుతారు" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ మాట్లాడలేదు. కటింగు మళ్ళీ అవే మడతల మీద మడుచుకుని వెళ్ళి తన చోట్లో కూర్చుంది.

ముప్పై అయిదేళ్ళలో నేను చెప్పిన పాఠాల్లో నన్ను అన్నిటికంటే బాధపెట్టే పాఠం అదే. అయిదు నిమిషాల్లో చెప్పేశాను. కళ్ళముందు లోకం మారినా పుస్తకం మారేదాకా మారనట్టే లెక్క అని ఒక తెలివైన పిల్లకి నేర్పాను.

పుస్తకం తర్వాత మారింది. కొత్త పుస్తకంలో 8 గ్రహాలు అని వేశారు. మంచిదే. కానీ ఎలా వేశారు? నిన్నటిదాకా తొమ్మిది ఉండేవనీ, ఎందుకు తగ్గాయనీ సరిగా చెప్పకుండా, పలక మీద తడిగుడ్డతో తుడిచి కొత్త అంకె రాసినట్టు వేశారు. నా బాధంతా దాని గురించే. పాఠాలు పాతబడతాయి, మారతాయి, మారాలి కూడా. మారినప్పుడు ఆ సంగతి పిల్లలకు చెప్పండని మిమ్మల్ని అడుగుతున్నాను.

ప్లూటో కథలో ఎంత పాఠం ఉందో చూడండి. దాన్ని 1930లో కనుక్కున్నారు. డెబ్బై ఆరేళ్ళు గ్రహంగా ఉంది. 2005లో ప్లూటో కంటే ఇంకా చాలా దూరంలో, దాదాపు అంతే పరిమాణంలో ఇంకొకటి, ఎరిస్ అనేది, ఉందని తెలిసింది. అప్పుడు రెండే దారులు మిగిలాయి. దాన్ని పదో గ్రహం అనాలి, తర్వాత దొరికే వాటిని పదకొండు, పన్నెండు అంటూ పోవాలి. లేదా అసలు గ్రహం అంటే ఏమిటో తేల్చుకోవాలి. వాళ్ళు రెండోది చేశారు. ఇలా జరగడం అదే మొదటిసారి కూడా కాదు. 1801లో సెరిస్ అనే చిన్న గోళం కనపడితే దాన్నీ గ్రహమే అన్నారు, కొన్ని దశాబ్దాలు అలాగే లెక్కపెట్టారు. దాని చుట్టుపక్కల అలాంటివే మరికొన్ని దొరికాక గ్రహశకలాల్లో కలిపేశారు. ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి ఒక పేజీలో చెబితే, శాస్త్రం ఎలా ఆలోచిస్తుందో ఎనిమిదో తరగతి పిల్లకి అర్థమవుతుంది. 8 అనే అంకె బట్టీ పడితే ఏమర్థమవుతుంది?

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ప్లూటోని తీసేశారన్న వార్త వచ్చిన వారంలో మా ఊరి గుడి దగ్గర పెద్దలు నన్నాపి, "అయితే నవగ్రహాలు ఇక ఎనిమిదేనా మాస్టారూ?" అని అడిగారు. గుడిలోని నవగ్రహాల్లో ప్లూటో ఎప్పుడూ లేదు. యురేనస్, నెప్ట్యూన్ లేవు. మనం నిలబడ్డ భూమి కూడా లేదు. సూర్యుడు, చంద్రుడు, రాహువు, కేతువు ఉన్నారు. రెండు లెక్కలూ తొమ్మిది కావడం కాకతాళీయం. మన పుస్తకంలో ఒక్క వాక్యం ఉంటే ఈ గందరగోళం తరాల తరబడి ఉండేది కాదు. తెలుగు పిల్లల కోసం తెలుగులో రాసే పుస్తకం ఇలాంటి వాటిని పట్టించుకోవాలి కదా. ఢిల్లీలో రాసి ఇక్కడ అనువాదం చేస్తే ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు.

సోషల్ పాఠానికి వస్తాను. నేను చెప్పిన సబ్జెక్టు కాదు గానీ, నేను బతికిన సబ్జెక్టు. మా ఇల్లు మా తాతగారు కట్టించిన చోటే ఉంది, ఒక్క అడుగు కూడా కదల్లేదు. మా నాన్నగారు పుట్టినప్పుడు అది మద్రాసు ప్రెసిడెన్సీ, గుంటూరు జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. నేను 1958లో గుంటూరు జిల్లా వాడిగానే పుట్టాను. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మాది బాపట్ల జిల్లా అయింది. మా మనవడు వాళ్ళ జిల్లా బాపట్ల అని రాస్తాడు, నేను నా సర్వీసు కాగితాల మీద ప్రకాశం అని చూసుకుంటాను, నాన్నగారి పాత దస్తావేజు గుంటూరు అంటుంది. మూడు తరాలు ఒకే గడప దాటి బడికి వెళ్ళాం.

రాష్ట్రానికి 1979 నుంచి 2014 దాకా 23 జిల్లాలు. ఎన్ని లక్షల మంది ఈ అంకెను బట్టీ పట్టామో! రాష్ట్రం విడిపోయాక అక్కడ 10, ఇక్కడ 13. తెలంగాణలో 2016 దసరాకి 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33. ఇక్కడ 2022లో 26. ఆ తర్వాత కూడా హద్దులు జరుగుతూనే ఉన్నాయి. దేశం లెక్కా అంతే. 2000 నవంబరులో మూడు కొత్త రాష్ట్రాలొచ్చి 28, 2014లో 29, 2019లో జమ్మూ కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతంగా మారడంతో మళ్ళీ 28. ఎవరైనా పెద్దాయన 28 అంటే ఆయన పాతికేళ్ళ కిందటి పుస్తకం చెబుతున్నాడో ఇవాళ్టిది చెబుతున్నాడో కూడా తెలియదు. పుస్తకంలో జిల్లాల సంఖ్య వేసిన చోట పక్కనే సంవత్సరం వేయడానికి ఎంత సిరా ఖర్చవుతుంది? జిల్లాలు ఎన్ని అని కాకుండా, జిల్లాలు ఎందుకు చీలుస్తారు, కలెక్టరాఫీసు దగ్గరైతే ఎవరికి మేలు, దూరమైతే ఎవరికి నష్టం అన్నది చర్చిస్తే ఆ పాఠం పాతబడనే పడదు.

మాకు ఓడరేవు సముద్రం దగ్గర. ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 972 కిలోమీటర్లని కొన్ని పుస్తకాలూ, 974 అని కొన్ని పుస్తకాలూ చెప్పాయి. బిట్ పేపర్లో ఏది రాయాలో పిల్లలకు టెన్షన్. ఈమధ్య కేంద్రం మళ్ళీ లెక్కించి 1,053 కిలోమీటర్లు అంది. దేశం మొత్తం తీరం 7,516 నుంచి 11,098కి పెరిగింది. సముద్రం పెరిగిందా? లేదు. పాత లెక్క 1970ల నాటిది, 45 లక్షల వంతుకు తగ్గించిన మ్యాపు మీద కొలిచింది. కొత్త లెక్క రెండున్నర లక్షల వంతు మ్యాపు మీద. చిన్న మ్యాపులో కనపడని వంకలు పెద్ద మ్యాపులో కనపడతాయి. కొలబద్ద ఎంత చిన్నదైతే తీరం అంత పొడుగు. ఓడరేవులో అలల అంచున పిల్లల్ని నిలబెట్టి, ఒక ముక్కని మొదట బారలతో, తర్వాత మూరలతో, తర్వాత జానలతో కొలిపించండి. మూడు కొలతలూ మూడు రకాలుగా వస్తాయి. పదిహేను నిమిషాల పని. లెక్కలు, సైన్సు, సోషల్ మూడూ ఒకే చోట నిలబడి చెప్పగల పాఠం అది. కానీ వచ్చే ముద్రణలో పాత అంకె తీసి కొత్త అంకె వేసి ఊరుకుంటారేమోనని నా భయం.

ఇప్పుడు నా మనసుకి చాలా దగ్గరైన సంగతి. మా నాన్నగారు నేతపని చేసేవారు. అయిదో తరగతి దాకే చదివారు. రూపాయికి పదహారణాలు, అణాకి పన్నెండు దమ్మిడీలు. పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం అన్నీ ఆయనకి నోటికి వచ్చు. నూలు ధర, కూలి, వడ్డీ కాగితం లేకుండా చెప్పేవారు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలని ప్రభుత్వం మార్చింది. మరుసటేడు అక్టోబరు నుంచి కిలోలు, మీటర్లు మొదలయ్యాయి. అణా అంటే ఆరుంబావు నయాపైసలు. ఆ పావు పైసా ఎక్కడికి పోవాలి, కొట్టువాడికా, కొన్నవాడికా? ముప్పై ఏళ్ళు దాటిన మనిషి బళ్ళో నేర్చుకున్న లెక్కంతా ఒక్కరోజులో పాతబడింది. ఆయన మళ్ళీ నేర్చుకున్నారు. నాకు లెక్కలు చెప్పేటప్పుడు మొదట అణాల్లో చేసుకుని, పైకి పైసల్లో చెప్పేవారు. ఆ మధ్యలో రెండు సెకన్లు ఆగేవారు. ఆ ఆగడం నాకిప్పటికీ కనిపిస్తుంది.

ఆ మార్పు మంచిదే. పదుల లెక్క సులువు, దేశమంతటికీ ఒకే కొలత కావాలి. మానిక ఒక ఊళ్ళో ఒకలా, ఇంకో ఊళ్ళో ఇంకోలా ఉంటే మోసపోయేది రైతే. కానీ పాత కొలతలు పుస్తకంలోంచి పోయినా మన నోట్లోంచి పోలేదు. "పదహారణాల తెలుగమ్మాయి" అంటాం. పదహారే ఎందుకని పదో తరగతి పిల్లల్ని నేను చాలాసార్లు అడిగాను. ఎక్కువమందికి తెలిసేది కాదు. "పుట్టెడు దుఃఖం" అంటాం. నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. అంత ధాన్యం కళ్ళముందు పోసినట్టు ఊహించుకుంటే గానీ ఆ దుఃఖం ఎంతో తెలియదు. "వీసమెత్తు అనుమానం లేదు" అంటాం, వీసం అంటే పదహారో వంతు. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అని ఇంట్లో ఆడవాళ్ళు అనని రోజుండదు. పావలా బిళ్ళ 2011 జూన్ తర్వాత చెల్లకుండా పోయింది, పావలా అనే మాట మాత్రం చెల్లుతూనే ఉంది. గణితం పుస్తకంలో రెండు పేజీలు, తెలుగు పుస్తకంలో ఒక పేజీ కేటాయిస్తే చాలు. పిల్లలు వాళ్ళ మాట వాళ్ళకి అర్థమై మాట్లాడతారు.

వడ్డీ సంగతి మరీ విచిత్రం. బళ్ళో ఏడాదికి నూటికి ఇంత శాతం అని నేర్పుతాం. బయట అప్పులన్నీ "నూటికి రెండు రూపాయల వడ్డీ" మీద నడుస్తాయి. అది నెలకి. అంటే ఏడాదికి 24 శాతం. పదో తరగతి పాసైన కుర్రాడికి ఈ రెండిటికీ ముడి వేయడం రాక, రెండు రూపాయలే కదా అనుకుని అమ్మ చేత నోటు రాయించిన ఇల్లు నేను చూశాను. ఇక్కడ పాతబడింది పాఠమా, బజారా? నాకైతే పాఠమే బజారుని చూడటం మానేసిందనిపిస్తుంది.

నాలుక పాఠం గుర్తుందా మీకు? నాలుక బొమ్మ గీసి కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని గుర్తించే బొమ్మ. ఎన్నేళ్ళు గీయించానో. భాగాలు గుర్తించకపోతే మార్కులు తగ్గించాను. ఒక ఉగాది మర్నాడు ఆరో తరగతి పిల్లాడు లేచి, "వేపపువ్వు నాలిక చివర తగిలినా చేదుగానే ఉందండీ" అన్నాడు. వాడు ఇంట్లో పరీక్ష చేసి వచ్చాడు. నిజమే. ఆ బొమ్మే తప్పు. 1901లో ఒక జర్మన్ శాస్త్రవేత్త నాలుక మీద అక్కడక్కడా రుచి కాస్త ఎక్కువ తక్కువగా తెలుస్తుందని చెప్పాడు. 1942లో ఒక అమెరికన్ పుస్తకంలో దాన్ని గ్రాఫుగా వేసిన తీరు వల్ల, ఒక్కో రుచికి ఒక్కో చోటు ఉందన్న అపోహ లోకమంతా పాకింది. రుచి మొగ్గలు ఉన్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి. పిల్లలందరూ ప్రతి ఏడాదీ ఉగాది పచ్చడి తింటారు, పక్కన ఆ బొమ్మ గీస్తారు, రెండిటికీ పొంతన లేదని ఏ ఒక్కరో గాని చెప్పరు. చెప్పకుండా చేసింది మనమే.

మనం షడ్రుచులంటాం. శాస్త్రం ఇప్పుడు తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగుల్లాంటి వాటిలో తెలిసే కమ్మదనం) అని అయిదంటోంది. కారం రుచి కిందకి రాదు, అది మంట. వేడి తగిలినప్పుడు మనకి తెలియజెప్పే గ్రాహకమే మిరపకాయకీ స్పందిస్తుంది. దాన్ని కనిపెట్టినందుకు 2021లో డేవిడ్ జూలియస్‌కి నోబెల్ ఇచ్చారు. గుంటూరు కారం తినే పిల్లలకి ఇంతకంటే దగ్గరి నోబెల్ పాఠం ఏముంటుంది? ఇందులో మన ఆరు రుచుల లెక్కని తక్కువ చేయాల్సిన పని లేదు. అది భోజనం లెక్క, ఇది నరాల లెక్క. ఏది ఏ లెక్కో పిల్లలకి విడదీసి చెబితే చాలు.

కొన్ని పాఠాలు గెలిచినందువల్ల పోయాయి. మా చిన్నప్పుడు మశూచి గురించి పాఠం ఉండేది. మన దేశంలో ఆఖరి కేసు 1975లో వచ్చింది. 1980 మేలో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. పాఠమూ పోయింది. నారి కురుపు (గినీ వార్మ్) పాఠం కూడా అంతే. దిగుడు బావి నీళ్ళు వడకట్టి తాగాలని నేనే ఎన్నోసార్లు చెప్పాను. 2000లో దేశం దాని నుంచి బయటపడింది. 2014 మార్చిలో పోలియో లేదని సర్టిఫికెట్టు వచ్చింది. నా భుజం మీద టీకా మచ్చ చూసి మా మనవడు "ఇదేంటి తాతయ్యా, కాలిందా?" అని అడిగాడు. రోగం పోయిందని పాఠం తీసేస్తే, అది దేనివల్ల పోయిందో చెప్పే చోటు కూడా పోతుంది. కరోనా రోజుల్లో టీకా అంటే భయపడి పొలాల్లోకి వెళ్ళిపోయిన వాళ్ళలో నా దగ్గర చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి మశూచి కథ చెప్పి ఉంటే అంత భయపడేవాళ్ళు కాదేమో. ఆ పాఠాన్ని సైన్సులో వద్దనుకుంటే చరిత్రలో పెట్టండి. ఇన్ని యుద్ధాల తేదీలు ఉన్న పుస్తకంలో ఒక రోగం మీద గెలిచిన తేదీకి చోటు లేకపోతే ఎలా?

పోవాల్సినవీ ఉన్నాయి, వాటి గురించి నాకు బాధ లేదు. టెలిగ్రాం రాయడం నేర్పే పాఠం ఉండేది, 2013 జులైలో టెలిగ్రామే ఆగిపోయింది. లేఖారచనలో భర్త పోయిన ఆడవాళ్ళకి వేరే సంబోధన నేర్పేవారు, గంగాభాగీరథీ సమానురాలు అని. పదేళ్ళ పిల్ల వాళ్ళ అమ్మకి అలా ఉత్తరం రాయడం నేర్చుకోవాలా? పోయినందుకు సంతోషం. అమ్మ వంటింట్లో, నాన్న ఆఫీసులో ఉండే బొమ్మలు ఇంకా అక్కడక్కడా కనిపిస్తున్నాయి, అవీ పోవాలి. గుఱ్ఱం గుర్రం అయింది, బండి ఱ రాయలేదని నేను తిన్న దెబ్బలు ఇప్పటి పిల్లలకి లేవు. అదీ మంచిదే.

కానీ పాతబడిందనీ, బరువనీ పేరు పెట్టి పాతబడనివి తీసేస్తే ఊరుకోలేను. 2023లో కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు వేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం, ఆవర్తన పట్టిక రెండూ తీసేశారు. కరోనా తర్వాత పిల్లల మీద భారం తగ్గించడానికన్నారు. పై తరగతుల్లో ఉన్నాయి కదా అన్నారు. పదో తరగతి తర్వాత ఎంపీసీకీ బైపీసీకీ వెళ్ళని పిల్లల సంగతేమిటి? పాలిటెక్నిక్‌కి, సీఈసీకి, ఐటీఐకి, మగ్గం గుంటలోకి వెళ్ళే పిల్లలకి పదే ఆఖరి సైన్సు. ప్రాణులు ఎలా మారుతూ వచ్చాయో వాళ్ళు ఇక ఎక్కడ వింటారు? వేలాదిమంది శాస్త్రవేత్తలు, టీచర్లు అప్పుడు అభ్యంతరం చెప్పారు. మన రాష్ట్రాలు కూడా ఆ పుస్తకాల వైపు చూస్తున్నాయి కాబట్టి మిమ్మల్నీ అడుగుతున్నాను. మన పిల్లలకి ఆ రెండూ వదలకండి.

ఆవర్తన పట్టిక మీద నాకు ప్రేమ ఎక్కువ, కాస్త ఓపిక పట్టండి. 1869లో మెండలీవ్ తనకి తెలిసిన 63 మూలకాలని వరసలో పెట్టి, పొసగని చోట గడులు ఖాళీ వదిలాడు. ఇక్కడ ఒకటి ఉండాలి, దాని లక్షణాలు ఇవీ అని రాశాడు. 1875లో గాలియం దొరికింది. ఆయన చెప్పిన లెక్కకి దగ్గరగా సరిపోయింది. నేను చదువుకున్నప్పుడు ఆ పట్టిక చివర ఖాళీలుండేవి. 2016లో నాలుగు కొత్త పేర్లతో ఏడో వరస నిండింది, ఇప్పుడు 118. నాకు తెలియదు అని ఖాళీ వదలడం ఎంత గొప్ప పనో ఆ పట్టిక చూపిస్తే పిల్లలకి కళ్ళతో కనిపిస్తుంది. అలాంటి పాఠం ఇంకొకటి ఎక్కడ తెస్తారు?

నేను రిటైరైన మరుసటేడు, 2019 మే 20న, కిలోగ్రాము నిర్వచనం కూడా మారింది. పారిస్ దగ్గర ప్లాటినం-ఇరిడియం దిమ్మె ఒకటి ఉందని ముప్పై అయిదేళ్ళు చెప్పాను. ఇప్పుడది కొలతకి ఆధారం కాదు, ప్లాంక్ స్థిరాంకం అనే ఎప్పుడూ మారని సంఖ్య నుంచి లెక్కకడతారు. ఇంట్లో కూర్చుని చదువుకుని ఎవరికైనా చెప్పాలని తహతహలాడాను. చెప్పడానికి క్లాసు లేదు.

నేను కోరేవి పెద్ద కోర్కెలు కావు. మారే అంకె ఎక్కడున్నా పక్కన సంవత్సరం వేయండి. పాఠం మార్చినప్పుడు చివర అర పేజీలో, ఇంతకుముందు ఈ పుస్తకంలో ఇలా ఉండేది, ఇందువల్ల మార్చాం అని రాయండి. తప్పు ఒప్పుకుంటే పుస్తకం గౌరవం తగ్గుతుందనుకోవద్దు, పిల్లలు మనకంటే పెద్ద మనసున్నవాళ్ళు. చదువుల మధ్యలో ఏదైనా మారితే వచ్చే ముద్రణ దాకా ఆగకుండా బడులకి ఒక కాగితం పంపండి. ఇప్పుడు టీచర్లందరి చేతుల్లో ఫోనుంది, ఒక్క మెసేజీ చాలు. కీ తయారుచేసేవాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి, పుస్తకంలో లేకపోయినా సరైన జవాబైతే, కారణం రాస్తే, మార్కు వేయమని. దిద్దే టీచరు ధైర్యం చేయాలంటే ఆ కాగితం కావాలి. 2006లో నా దగ్గర అలాంటి కాగితం ఉంటే ఆ పిల్లకి అర మార్కు వేసేవాణ్ణి. కాగితం లేకపోయినా వేసి ఉండాల్సింది, అది నా తప్పు.

పాత పుస్తకాలు పారేయకండి. స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టండి. మా పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టిన గ్రంథాలయం. వందేళ్ళ నాటి పత్రికలు దాచి ఉంచారు కాబట్టి దూరదూరాల నుంచి వచ్చి చూసుకుంటున్నారు. బడి పుస్తకాలకి మాత్రం అలాంటి దిక్కు లేదు. ఏడాది చివర తూకానికి పోతాయి, మిగిలినవి పొట్లాలవుతాయి. ఒక తరం మొత్తం ఏం చదువుకుందో తెలుసుకోవాలంటే అంతకంటే ఆధారం ఏముంది?

కిందటేడు ఒక పెళ్ళిలో ఆ అమ్మాయి కనపడింది. నేను గుర్తుపట్టలేదు. తనే వచ్చి నమస్కారం పెట్టి, "మాస్టారూ, ఎనిమిదే కదండీ?" అంది. నాకు నోట మాట రాలేదు. క్షమించమ్మా అన్నాను. "అయ్యో, అదేంటండీ" అంది. పక్కన వాళ్ళబ్బాయి ఉన్నాడు, అయిదో తరగతి. వాడికి ఈ కథ చెప్పిందట. వాడు నమ్మడట. నన్నడిగాడు, "తొమ్మిది ఎప్పుడూ లేవు కదా తాతగారూ? మా బుక్‌లో ఎనిమిదే ఉన్నాయి" అని. నేను వాడికి ఏమేం చెప్పానో ఇక్కడ రాయను, భోజనాల బంతి లేచేదాకా చెప్పాను. కానీ వాడి మాట వింటుంటే నాకు నా మాటే వినిపించింది. అప్పుడు తొమ్మిదికి నేను చెప్పిన కారణమే ఇవాళ ఎనిమిదికి వాడు చెబుతున్నాడు. పుస్తకంలో ఉంది.

మా ఇంట్లో అటక మీద ఒక ట్రంకుపెట్టె ఉంది. నేను చదివినవి, చెప్పినవి, మా పిల్లలు చదివినవి, మొత్తం 41 పాఠ్యపుస్తకాలు. కొన్నిటికి చెద పట్టింది, చాలావరకు బాగానే ఉన్నాయి. తొమ్మిది గ్రహాలు, ఇరవై మూడు జిల్లాలు, నాలుక బొమ్మ, దిగుడు బావి, అన్నీ అందులో ఉన్నాయి. మీలో ఎవరైనా వాటిని స్కాన్ చేయిస్తామంటే ఇచ్చేస్తాను, డబ్బులు వద్దు. మనిషిని పంపితే చాలు, ఆదివారం తప్ప ఏ రోజైనా ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ సైన్సు మాస్టారు
చీరాల దగ్గర, ఒకప్పటి గుంటూరు, మొన్నటి ప్రకాశం, ఇప్పటి బాపట్ల జిల్లా